సేలం విచారణలు ఆపిన ఘనత గవర్నర్ ఫిప్స్‌కి ఇవ్వొచ్చా?

గోదారిగట్టు: 1692లో అమెరికాలో అప్పటి ఇంగ్లిష్ వలస మసాచుసెట్స్‌లోని సేలంలో చేతబడి నేరం మోపి 19 మందిని ఉరి తీశారు. గైల్స్ కోరీ అనే ముసలాయన విచారణకు ఒప్పుకోలేదని ఒంటి మీద బండరాళ్లు పేర్చి చంపారు. అక్టోబర్ చివర్లో గవర్నర్ విలియం ఫిప్స్ ఈ కేసుల కోసం పెట్టిన ప్రత్యేక కోర్టునే రద్దు చేశాడు. తర్వాత ఒక్కరిని కూడా ఉరి తీయలేదు. పాలకుడంటే ఇలా ఉండాలని నేనంటాను. కాదంటారా?

పాత ప్లీడరు: కాదనే అంటాను. ఆ కోర్టు పెట్టిందెవరండీ? మే నెలలో ఇంగ్లండ్ నుంచి కొత్త చార్టర్‌తో (వలసను ఎలా పాలించాలో చెప్పే రాజపత్రంతో) దిగిన ఈ ఫిప్సే. తన డిప్యూటీ స్టౌటన్‌ని పెద్ద జడ్జిగా కూర్చోబెట్టిందీ ఆయనే. తీరా గోల పెరిగాక, నేను సరిహద్దు యుద్ధంలో ఉన్నానంటూ లండన్‌కు ఉత్తరం రాసి తప్పంతా స్టౌటన్ నెత్తిన రుద్దాడు. గవర్నర్ భార్య మీద కూడా వేలు చూపారని అప్పట్లోనే చెప్పుకున్నారు. మంట తన గడప దాకా వచ్చాక ఆర్పినవాడికి దండ వేయమంటారా?

నల్లరేగడి: ఇద్దరూ మనిషి చుట్టూనే తిరుగుతున్నారు. అసలు మారింది సాక్ష్యం. "ఫలానావిడ రూపం వచ్చి నన్ను గిల్లింది, మీకెవరికీ కనబడదు" అని ఒక పిల్ల కోర్టులో అరిస్తే, పాత కోర్టు దాన్ని సాక్ష్యంగా తీసుకుంది. దానికి ఎదురు సాక్ష్యం ఎక్కణ్నుంచి తెస్తారు? పదిమంది అనుమానితులు తప్పించుకున్నా ఫర్వాలేదు, ఒక్క నిర్దోషికి శిక్ష పడకూడదని పాస్టర్ ఇంక్రీజ్ మాథర్ అక్టోబర్‌లోనే వాదించాడు. 1693 జనవరిలో కొత్త కోర్టు కూర్చున్నప్పుడు అలాంటి సాక్ష్యానికి విలువ లేకుండా పోయింది. ఐదుగురు జడ్జీల్లో నలుగురు పాతవాళ్లే, స్టౌటన్‌తో సహా! అయినా నేరం రుజువైంది ముగ్గురి మీదే.

గోదారిగట్టు: ఆ ముగ్గురితో పాటు అంతకుముందే శిక్ష పడ్డ ఐదుగురికీ స్టౌటన్ మరణశిక్ష వారంట్ల మీద సంతకం పెట్టేశాడు కదా. ఎనిమిది ఉరులనూ ఆపింది ఫిప్స్. స్టౌటన్ మండిపడి బెంచి దిగిపోయాడు. సాక్ష్యం రూలు ఒక్కటే ఉంటే ఆ ఎనిమిది మందీ పోయేవాళ్లే. ఈ ఒక్క పనికైనా ఫిప్స్‌ని మెచ్చుకోవాల్సిందే.

పాత ప్లీడరు: సరే, అది ఆయన ఖాతాలోనే వేద్దాం. కానీ "ఆపడం" అంటే ఏమిటో కూడా చూడండి. నిర్దోషి అని తేలినా జైలు ఫీజు కడితేనే బయటికి. లిడియా డస్టిన్ అనే ముసలావిడ కేసు కొట్టేశాక కూడా ఆ డబ్బు కట్టలేక 1693 మార్చిలో జైల్లోనే చనిపోయింది. బాధిత కుటుంబాలకు పరిహారం మంజూరైంది 1711లో, అందరికీ కలిపి 578 పౌండ్ల 12 షిల్లింగులు. జడ్జీల్లో శామ్యూల్ సీవాల్ 1697లో చర్చిలో అందరి ముందూ నిలబడి తప్పు ఒప్పుకున్నాడు. స్టౌటన్ మాత్రం ఒప్పుకోలేదు సరికదా, 1694లో ఫిప్స్‌ని లండన్ వెనక్కి పిలిపిస్తే ఆ కుర్చీలో తనే కూర్చున్నాడు.