సెప్టెంబర్ గ్లెన్‌కో డ్రైవ్: రూటు, కార్లు, భోజనాలు

(రూటు, రిజిస్ట్రేషన్, భోజనాలు చూసేవాళ్లు గ్రూపులో మాట్లాడుకున్నది.)

రూటు: పేర్లు ఇచ్చింది 32 మంది. పెద్దలు 22, పిల్లలు 10, కార్లు 8. గ్లాస్గో నుంచి ఏ82 రోడ్డు మీద లోక్ లోమండ్ సరస్సు ఒడ్డునే గ్లెన్‌కో లోయకు వెళ్లి, అదే దారిన తిరిగి వస్తాం. రానూపోనూ దాదాపు 180 మైళ్లు, ఆగే సమయం కాక ఐదు గంటలు. ఉదయం 7కి బయల్దేరాలి. 8కి ఇన్వరగ్లాస్, 8:45కి టిన్‌డ్రమ్, 9:45కి త్రీ సిస్టర్స్ కొండల ఎదుటి పార్కింగ్. అక్కడ పొద్దెక్కేకొద్దీ చోటు దొరకదు. వెళ్లేటప్పుడు అది ఎడమ చేతి వైపే వస్తుంది కాబట్టి అప్పుడే ఆగాలి. తిరుగు దారిలో అయితే ఎదురు ట్రాఫిక్‌ను దాటి కుడికి తిరగాల్సి వస్తుంది.

రిజిస్ట్రేషన్: పిల్లలకు ఆవిరి రైలు చూపించాలని, గ్లెన్‌ఫినన్ రైలు వంతెన కూడా కలపమని కొన్ని కుటుంబాలు అడుగుతున్నాయండీ. అంత దూరం వెళ్లి చూడకుండా రావడమేంటి అంటున్నారు.

రూటు: కలపొద్దండీ. 1901లో రైళ్లు మొదలైన ఆ 21 ఆర్చిల కాంక్రీటు వంతెన చూడదగ్గదే, కాదనను. కానీ గ్లెన్‌కో నుంచి ఇంకో 33 మైళ్లు, మధ్యలో ఫోర్ట్ విలియం ట్రాఫిక్. మొత్తం 250 మైళ్లు, డ్రైవింగే ఏడు గంటలు. పైగా రైలు టైముకి అక్కడి పార్కింగ్ నిండిపోతుంది, 8 కార్లకు ఒకేసారి చోటు కుదరదు. దానికి వేరే రోజు పెట్టుకుందాం.

ఇంకో మాట: ఎనిమిది కార్లూ వరసగా వెళ్లాలన్న ఆలోచన మానేయండి. టార్బెట్ దాటాక ఇన్వరార్నన్ వరకు ఓ పక్క రాతి గోడ, ఓ పక్క సరస్సు. ఎదురుగా బస్సో లారీనో వస్తే ఇరుక్కుపోయేంత ఇరుకు. ముందు కారును వదలకూడదని వెంబడించేవాళ్లే అక్కడ అద్దాలు రాసుకుంటారు. వాళ్ల వెనక స్థానికులు ఓవర్‌టేక్ చేయలేక విసిగిపోతారు. ఎవరి వేగం వాళ్లది, కలిసేది మాత్రం ఆగే చోట్లలో. టిన్‌డ్రమ్ దాటాక వచ్చే రానక్ మూర్ బయలు మీద సిగ్నల్ సరిగా ఉండదు. వాట్సాప్ లైవ్ లొకేషన్‌ను నమ్ముకోకుండా ఇంట్లోనే ఆఫ్‌లైన్ మ్యాపు దించుకోండి. పెట్రోలు టిన్‌డ్రమ్‌లోనే నింపేసుకోండి.

రిజిస్ట్రేషన్: ఇద్దరు డ్రైవర్లది ఇండియా లైసెన్సు. సరిపోతుందా? కార్లు తగ్గించి 16 సీట్ల మినీబస్సు తీసుకుంటే?

రూటు: ఇక్కడ నివాసం మొదలైన తేదీ నుంచి 12 నెలల వరకే చెల్లుతుంది. వాళ్లు వచ్చిన తేదీ కనుక్కోండి, ఇన్సూరెన్స్‌లో వాళ్ల పేరు ఉందో లేదో కూడా. ఆ సైజు అద్దె మినీబస్సుకు మామూలు కారు లైసెన్సు చాలదు, మినీబస్సులకు ఇచ్చే డీ1 లైసెన్సు కావాలి. పైగా సింగిల్ క్యారేజ్‌వేలో, అంటే మధ్యలో డివైడర్ లేని రోడ్డు మీద, వేగ పరిమితి కారుకు గంటకు 60 మైళ్లయితే దానికి 50. అది వద్దు.

ఇండియాలోనూ ఎడమ వైపే నడిపాం కదా అన్న ధైర్యంతోనే కొత్తవాళ్లు పొరబడతారు. మన దగ్గర హెడ్‌లైట్ కొడితే ‘నేనొస్తున్నా, తప్పుకో’ అని. ఇక్కడ చాలామంది ‘మీరు రండి’ అనడానికి కొడతారు. ఇద్దరూ ఒకేసారి ముందుకొస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. లైటు చూసి కాదు, అవతలి బండి నిజంగా ఆగిందని చూశాకే కదలాలి. గ్లెన్ ఎటివ్ వైపు ఎవరూ తిరగొద్దు. దాదాపు 12 మైళ్ల ఒంటి లేను, చివర దారి ముగిసిపోతుంది. తప్పక వెళ్లినవాళ్లు పాసింగ్ ప్లేస్ (ఎదురు బండికి దారి ఇవ్వడానికి రోడ్డు వెడల్పు చేసిన చోటు) ఎడమ పక్కనుంటే అందులోకి తప్పుకోవాలి, కుడి పక్కనుంటే దానికి ఎదురుగా రోడ్డు మీదే ఆగాలి. ఫొటోల కోసం అందులో పార్క్ చేయకూడదు.

భోజనాలు: పులిహోరకు 2 కిలోల సోనా మసూరి, 200 గ్రాముల చింతపండు. దద్దోజనానికి కిలోన్నర బియ్యం, 2 లీటర్ల పాలు, లీటరున్నర పెరుగు. ఇక్కడి చలికి దద్దోజనం పులవడం కన్నా గట్టిపడటమే అసలు సమస్య, అందుకే పాలు ఎక్కువ. అన్నం మెత్తగా వండి, వేడి మీదే మెదిపి పాలు పోసి, పూర్తిగా చల్లారాకే పెరుగు కలపండి. కలిపింది కూల్‌బాక్సులో పెట్టాలి. పులిహోర పులుసు ముందు రాత్రే ఉడికించుకోవచ్చు. అన్నం మాత్రం తెల్లవారుజామున వండి, పళ్లాల్లో పలచగా ఆరబెట్టి త్వరగా చల్లార్చండి. గిన్నెలో వేడిగా మూతపెట్టి గంటలు ఉంచితే పాడవుతుంది, ఫ్రిజ్‌లో పెడితే పలుకులు గట్టిపడతాయి.

పెద్ద గిన్నెలు వద్దు. వాన పడితే కార్లలోనే తినాలి, కాబట్టి కారుకో సంచి చొప్పున డబ్బాలు, చెంచాలు, నీళ్లు, చెత్త కవరు పెడతాం. పిల్లలకు పొద్దున రెండు ఇడ్లీలకు మించి పెట్టకండి, సరస్సు పక్క మలుపుల్లో కక్కుకుంటారు.

రిజిస్ట్రేషన్: మధ్యాహ్నం ఎక్కడ? స్ట్రోలర్లు మూడున్నాయి.

రూటు: లాస్ట్ వ్యాలీ నడక వద్దు, అంతా రాళ్లు. ఊరి పక్కన గ్లెన్‌కో లోకన్ అనే చిన్న సరస్సు చుట్టూ సుమారు కిలోమీటరు చదునైన బాట ఉంది. కెనడా నుంచి వచ్చి ఇక్కడ మనసు నిలవని భార్య కోసం లార్డ్ స్ట్రాత్‌కోనా అక్కడి చెట్లు తెప్పించి నాటించిన చోటు అది. మన గుంపులో చాలామందికి నచ్చుతుంది. గాలి లేకపోతే నీటి పక్కన మిడ్జీలు అనే కుట్టే చిన్న పురుగులు ముసురుతాయి, సెప్టెంబర్‌లోనూ ఉంటాయి. పొడుగు చేతుల చొక్కాలు, పూత మందు తేవాలి. 3:30కి తిరుగు ప్రయాణం. సంధ్య వేళ జింకలు రోడ్డు మీదికొస్తాయి, అప్పటికి రానక్ మూర్ దాటేయాలి.

రిజిస్ట్రేషన్: సరేనండీ. 12 ఏళ్లు గానీ 135 సెంటీమీటర్ల ఎత్తు గానీ, ఏది ముందైతే అంతవరకు కారులో పిల్లల సీటు తప్పనిసరి. పిల్లల ఎత్తులు, డ్రైవర్ల లైసెన్సు వివరాలు గురువారంలోగా పంపండి. ఇప్పటికి రెండు బూస్టర్ సీట్లు తక్కువ పడుతున్నాయి, ఎవరి దగ్గరైనా ఉంటే ఇక్కడే రాయండి.