'కంచె' అన్న మాట, ఆ పేరున్న సినిమా

ప్రశ్న: నిన్న 'కంచె' (2015) మళ్లీ చూశాను. రెండో ప్రపంచ యుద్ధం మధ్యలో ప్రేమకథ కదా, 'సరిహద్దు' అని పెట్టొచ్చుగా? రెండు మాటలకీ అర్థం ఒకటే కదండీ?

జవాబు: ఒకటి కాదండీ, నాకైతే ఆ సినిమాలో అన్నిటికన్నా నచ్చింది ఆ పేరే. సరిహద్దులో 'సరి' మన తెలుగు 'సరి' కాదు, పారసీ 'సర్'. 'సర్‌హద్' ఉర్దూ మీదుగా వచ్చి మన నోట్లో సరిహద్దు అయింది. సర్కారు కాగితాల మాట అది, సరిహద్దును గీస్తారు. కంచెను మాత్రం వేస్తారు, కడతారు, అంటే దాని వెనక ఒక మనిషి చెయ్యి ఉంటుంది, ముళ్లకంప నరికి తెచ్చి కట్టినవాడు ఉంటాడు, పైగా కంప ఎండిపోతుంది కాబట్టి మళ్లీ మళ్లీ కొత్తది తెచ్చి కడుతూనే ఉండాలి. ఊళ్లో కులం కూడా అంతే కదా, ఎవరో ఒకరు ప్రతి తరంలో కొత్త కంప తెచ్చి కడితేనే నిలబడుతుంది. సినిమాలో 1936 నాటి దేవరకొండ అనే ఊళ్లో, ప్రేమికులు హరిబాబుకీ సీతకీ మధ్య ఉన్నది అదే. 1944లో ఇటలీలో యుద్ధభూమి మీద ఉన్నది ఇనుప ముళ్లతీగ. రక్తం పేరుతో మనిషిని వేరు చేసే ఆలోచన రెండుచోట్లా ఒకటే అని ఒక్క మాటతో చెప్పగలిగారు, అది దర్శకుడు క్రిష్ గొప్పతనం.

ఇటలీ యుద్ధంలో మన సైనికులు ఉన్నారన్నది కల్పన కూడా కాదు. 4వ, 8వ, 10వ భారతీయ డివిజన్లు, అంటే పెద్ద సైనిక దళాలు, అక్కడ నిజంగానే పోరాడాయి. తెలుగు సినిమా ఆ సైనికుల్ని గుర్తుచేసుకోవడమే నాకు సంతోషం.

లోపం ఎక్కడంటే, ఇంత బలమైన మాట దొరికాక దాన్ని నమ్మి వదిలేయాల్సింది. పాత్రలే కంచె గురించి విప్పి చెబుతుంటే, మనకి తట్టాల్సింది వాళ్లే చేతిలో పెట్టినట్టుంటుంది. సాయిమాధవ్ బుర్రా మాటలు విడిగా వింటే చాలా బాగుంటాయి, కానీ తుపాకులు పేలుతున్నచోట అంత నిండైన వాక్యాలు కాస్త బరువే. ఇంకోటి, ప్రేమ చిక్కబడుతోంది అనుకునేలోపు కథ యుద్ధంలోకి దూకేస్తుంది, అందుకే సీత మనసు మనకి పూర్తిగా అందదు, ఆమె ఇంకాస్త మాట్లాడి ఉంటే అనిపిస్తుంది. ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు వచ్చిన సినిమానే, అది దానికి తగినదే, అయినా ఈ వెలితి నాకు పోలేదు.

ప్రశ్న: మరి 'కంచె చేను మేస్తే' సామెతకీ దీనికీ సంబంధం ఉందా?

జవాబు: ఉందనే నా నమ్మకం. సామెతలో అది 'కంచె' కాదు, 'కంచే'. ఆ ఏత్వంలోనే ఉంది బాధంతా: కాపలాగా పెట్టుకున్నదే మేసేసింది అని. దీర్ఘం లేకుండా రాస్తే ఆ దెబ్బ తగలదు. ఇప్పుడు సీత అన్న ఈశ్వర్‌ని ఆ సామెత పక్కన పెట్టి చూడండి, చెల్లెల్ని కాపాడుతున్నానని గట్టిగా నమ్మిన మనిషి. కథ ఎటు పోతుందో చెప్పను, చూడనివాళ్లు ఉంటారు.