సమస్యాపూరణం: గుట్టు చాటువాఁడె గూఢచారి

నిర్వాహకుడు:
సమస్య అంటే చిక్కుగా ఇచ్చే ఒక పాదం; మిగతా పాదాలు రాసి దాన్ని అతికేలా పూరించాలి. ఈసారి సమస్య ఆటవెలది చివరి పాదం.

గుట్టు చాటువాఁడె గూఢచారి

గూఢచారి అంటే నోరు కట్టుకుని బతికేవాడు. గుట్టు ఊరంతా చాటేవాడు గూఢచారి ఎలా అవుతాడు? అదీ చిక్కు. వస్తువు మాత్రం గూఢచారి సినిమా. తీసేవాళ్ళ పాట్లు కావచ్చు, విడుదల రోజు సందడి కావచ్చు, చూసినవాళ్ళ మాటలు కావచ్చు, మీ ఇష్టం. షరతులు మామూలే: గణాలు (గురులఘువుల గుంపులు) తప్పకూడదు, ఒకటో గణానికీ నాలుగో గణానికీ యతి (మొదటి అక్షరాల మైత్రి) కుదరాలి, బదులుగా ప్రాసయతి (రెండో అక్షరాలు కలవడం) వేసినా ఒప్పే. ఇంగ్లీషు మాట పడితే పడనివ్వండి.

ముందుబెంచి:
నాకు తెలిసిన గూఢచారి ఒకడున్నాడు.

మొదటి యాట చూసి ముఖపుస్తకము నెక్కి
చివరి మలుపు కూడఁ జెప్పినట్టి
పక్క సీటువాఁడె పగవాఁడు సినిమాకు
గుట్టు చాటువాఁడె గూఢచారి

యతిమైత్రి:
నడక హాయిగా ఉంది. 'మొ'కు 'ము', 'చి'కి 'జె' రెండూ చెల్లుతాయి. కాకపోతే 'సీటువాఁడె', 'చాటువాఁడె' అని వరసగా రెండు పాదాల్లో ఒకే తోక. ఇక ముఖపుస్తకం! నోటితో ఎవరైనా అంటారా ఆ మాట?

ముందుబెంచి:
అనరండీ. కానీ 'ఫేస్‌బుక్' అని 'ఫే' వేస్తే 'మొదటి'తో యతి పోతుంది. ఛందస్సు కోసం నోరు కాస్త కట్టుకున్నాను.

నిర్వాహకుడు:
భావం నాకు నచ్చింది. ఈ తరహా సినిమాకు ప్రాణమంతా చివరి ఇరవై నిమిషాల్లో ఉంటుంది. చనిపోయాడనుకున్న ఏజెంటు తిరిగి రావడమో, హీరోకి పాఠాలు చెప్పిన పెద్దాయనే ద్రోహి అని తేలడమో, ఏదో ఒకటి. సెట్లో సగం మందికి కూడా తెలియకుండా నెలల తరబడి కాపాడిన సంగతి, మార్నింగ్ షో ఇంటర్వెల్ దాటేసరికి ఫోన్లలోకి ఎక్కేస్తుంది. శత్రువు శిబిరంలోంచి వార్త మోసుకొచ్చేవాడే కదా గూఢచారి. ఆ లెక్కన హాల్లో కూర్చున్న వాడికి ఆ పేరు చక్కగా అతికింది.

కొత్తకలం:
మొదటిసారి రాస్తున్నాను, తప్పులుంటే మన్నించండి.

కోట్లు పెట్టి తీసి కొత్త లొకేషన్లు
కథను చెప్పివేసె ట్రైలరందు
చూడ నేమి మిగిలె సూటుబూటులు తప్ప
గుట్టు చాటువాఁడె గూఢచారి

యతిమైత్రి:
గణాలన్నీ సరిపోయాయి, మొదటి ప్రయత్నానికి అది చిన్న విషయం కాదు. రెండో పాదంలో యతి తప్పింది. 'క'కు 'ట్రై' పొసగదు. మాటల వరస మార్చండి చాలు:

కథను ట్రైలరందుఁ గక్కివేసె

ఇప్పుడు 'క'కు 'గ' కుదిరింది. కక్కడం అన్న మాటలో మీ కోపం కూడా కనిపిస్తుంది. మొదటి పాదంలో 'లొకేషన్లు' గాల్లో వేలాడుతోంది, అక్కడ 'లో' ఉండాలి. మూడో పాదం మాత్రం ఎవరూ ముట్టుకోవద్దు.

కొత్తకలం:
'ట్రై' సంయుక్తాక్షరం కదా, దాని ముందున్న 'ను' గురువు (రెండు మాత్రల అక్షరం) అయిపోదా అండీ?

యతిమైత్రి:
అవి సమాసంలో కలిసిన మాటలు కావు. విడి మాటలు కాబట్టి లఘువుగానే తీసుకోవచ్చు. మంచి అనుమానం.

చారచక్షువు:
సినిమా గూఢచారులు అయ్యాక అసలువాడి సంగతి చూద్దాం. రెండో ప్రపంచ యుద్ధంలో 'గార్బో' అన్న మారుపేరుతో బ్రిటన్ కోసం పనిచేసిన స్పెయిన్ దేశస్థుడు ఒకాయన ఉన్నాడు. జర్మన్లు మాత్రం తమ మనిషే అనుకున్నారు. తన కింద 27 మంది ఉన్నారని నమ్మించి, పుట్టని ఆ మనుషులకు కూడా జీతాలు పుచ్చుకున్నాడు. 1944 జూన్‌లో ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరాన మిత్రదేశాల సైన్యాలు దిగుతుంటే, ఇది ఉత్తుత్తి దాడి, అసలుది కలే (Calais) రేవు వైపు వస్తోందని జర్మన్లకు కబురు పంపాడు. జర్మన్లు అతనికి ఐరన్ క్రాస్ పతకం ఇచ్చారు, బ్రిటన్ కూడా బిరుదు ఇచ్చింది.

లేని దండు గూర్చి లేఖలు రాసెను
పగతుఁ డెల్ల నమ్మి పతక మిచ్చె
కల్ల మూటగట్టి కానుకవలె నిచ్చి
గుట్టు చాటువాఁడె గూఢచారి

యతిమైత్రి:
సమస్యలోని విరోధాన్ని ఎదురుగా నిలబడి విప్పిన పూరణ ఇదే. చాటింది గుట్టే, కాకపోతే దొంగ గుట్టు. చిన్న సవరణ: 'పగతుఁడు' ఒకడు, పక్కన 'ఎల్ల' ఎందుకు? పైగా రాసెను, ఇచ్చె అని వాక్యాలు తెగిపోతున్నాయి. 'పగతు రెల్ల నమ్మి పతక మీయఁ' అంటే కిందికి జారుతుంది.

ముందుబెంచి:
పద్యం బాగుంది కానీ సినిమా ఎక్కడ? ఉత్తరాలు రాసుకునే వాణ్ణి తెర మీద రెండున్నర గంటలు ఎవరు చూస్తారు?

చారచక్షువు:
అదే కదా మన వాళ్ళ భయం! అర్థశాస్త్రంలో కౌటిల్యుడు రెండు వైపులా జీతం తీసుకునేవాడికి 'ఉభయవేతనుడు' అని పేరే పెట్టాడు. విద్యార్థి వేషం, వర్తకుడి వేషం, తాపసి వేషం అని రకాలు చెప్పాడు. ప్రాణానికి తెగించి కొట్లాడే 'తీక్ష్ణుడు' ఆ జాబితాలో ఒక రకం మాత్రమే. మన సినిమా ఆ ఒక్కణ్ణే పట్టుకుంది.

తెరవెనుక:
నేను కొన్నాళ్ళు ఎడిటింగ్ గదిలో పనిచేశాను. సమస్య చూడగానే నాకు పాదం వేరేగా విరిగి కనిపించింది. తప్పైతే చెప్పండి.

దూకె నొకఁడు మేడ తుదినుండి నేలకు
మోము చూపె నొకఁడు ముద్దుగాను
పేరు లేక తెరను వీపొక్కటే చూపు
గుట్టు చాటు వాఁడె గూఢచారి

ఇక్కడ 'చాటు' అంటే చాటడం కాదు, మరుగు. గుట్టుకు చాటున ఉన్నవాడు, అంటే డూప్.

యతిమైత్రి:
విరుపు! ఒక్క అక్షరం మార్చకుండా అర్థం తిరగబడింది. 'పే'కు 'వీ' మైత్రి కూడా శాస్త్రానికి నిలుస్తుంది.

నిర్వాహకుడు:
నిజం ఒప్పుకుంటాను. పాదం ఇచ్చినవాణ్ణి నేనే అయినా ఈ అర్థం నాకు తట్టలేదు.

తెరవెనుక:
ఎడిటింగ్ టేబుల్ మీద రోజూ చూసేదే రాశాను. మేడ అంచున హీరో క్లోజప్, తర్వాత అదే చొక్కా, అదే విగ్గుతో ఉన్న వీపు గాల్లోకి లేస్తుంది, కింద అట్టపెట్టెల గుట్ట మీద పడుతుంది. ఆ పెట్టెలు కనబడకముందే కట్ చేసి మళ్ళీ హీరో ముఖం పెడతాం. తాడు కనిపిస్తే గ్రాఫిక్స్‌లో చెరిపేస్తారు. కట్ పడాల్సింది కదలిక మధ్యలో. మనిషి ఆగాక కట్ చేస్తే మోసం తెలిసిపోతుంది. షాట్ ఎంత బాగా అతికితే దూకిన మనిషి అంత బాగా మాయమవుతాడు. మా పని బాగా చేశామంటే అతన్ని పూర్తిగా చెరిపేశామనే. అందుకే నాకు అసలు గూఢచారి అతనే అనిపిస్తుంది.

చారచక్షువు:
మన జాతీయ అవార్డుల్లో పోరాటాలకు అవార్డు మొదలైంది 2016 సినిమాల నుంచే. ఆస్కార్ వాళ్ళు స్టంట్లకు విడిగా బహుమతి ఇస్తామని 2025లో ప్రకటించారు. అది కూడా 2027 సినిమాలకు, 2028లో జరిగే నూరో వేడుకలో ఇస్తారట. ఇన్నాళ్ళూ వీపులకు చప్పట్లే కానీ పేరు లేదు.

పాతరీలు:
బాబూ, మీ అందరికంటే పాతవాణ్ణి, ఒక మినహాయింపు చెప్పనివ్వండి. 1965లో వచ్చిన 'తేనె మనసులు'లో కొత్త కుర్రాడు కృష్ణ స్కూటర్ మీద కారును తరుముతూ, స్కూటర్ వదిలేసి కారు మీదికి దూకుతాడు. డూప్ లేకుండా దూకాడు. అది చూసే నిర్మాత డూండీ తన గూఢచారి సినిమాకు అతన్ని తీసుకున్నారు. 'గూఢచారి 116' 1966లో వచ్చింది, హీరోయిన్ జయలలిత. కుర్రకారు వెర్రెత్తిపోయారు, కృష్ణకు ఆంధ్రా జేమ్స్‌బాండ్ అన్న పేరు స్థిరపడింది. మరుసటి ఏడు హిందీలో 'ఫర్జ్'గా తీస్తే అక్కడ జితేంద్ర దశ తిరిగింది. మనకు నూటపదహార్లు అంటే సంభావన. ఆ దూకుడుకు దక్కిన సంభావన కూడా అదే అంకె.

కారు మీఁది కెగిరెఁ గన్నులెదుటఁ దానె
నూటపదియునాఱు నొందె నతఁడు
మొగము దాచకుండ మొనగాఁడు నిలువంగ
గుట్టు చాటువాఁడె గూఢచారి

యతిమైత్రి:
నూటపదహార్ల చమత్కారానికి నమస్కారం. అయితే పెద్దవారు ఏమీ అనుకోకపోతే ఒక మాట: నాలుగో పాదం మూడోదానికి అతకలేదు. ముఖం దాచకపోవడం సరే, ఏ గుట్టు చాటాడు? కొత్తకలం గారికి చెప్పిన అన్వయదోషం మీకు చెప్పకుండా వదిలేస్తే బాగుండదు.

తెరవెనుక:
నాకైతే కథ చాలు, పద్యం ఎలా ఉన్నా పరవాలేదు. ఆ దూకుడును కట్ చేసినవాడు అదృష్టవంతుడు. హీరో ముఖం దాచే పని తప్పింది.

పాతరీలు:
అన్నది నిజమే. మూడో పాదం మార్చాను. ఇప్పుడు చూడండి:

కారు మీఁది కెగిరెఁ గన్నులెదుటఁ దానె
నూటపదియునాఱు నొందె నతఁడు
డూపు లేదటంచు డోలు వాయింపంగ
గుట్టు చాటువాఁడె గూఢచారి

యతిమైత్రి:
'డూ'కు 'డో'. అతికింది.