52లో 38 మాత్రమే నిరూపించిన ప్రోగ్రామ్‌ను పునాది అని ఎందుకు అంటున్నాం?

ప్రశ్న: పరిశోధక విద్యార్థిని

అందరికీ నమస్కారం. కృత్రిమ మేధలో తార్కిక వివేచన, సమస్యా పరిష్కారం అనే అంశాలపై జరిగిన తొలి పరిశోధనల గురించి వచ్చే నెల మా విభాగంలో ఒక సెమినార్ ఇవ్వవలసి ఉంది. ఎక్కడ చదివినా కథ ఒకే చోట మొదలవుతోంది. అలెన్ న్యూవెల్, హెర్బర్ట్ సైమన్, క్లిఫ్ షా 1956లో 'లాజిక్ థియరిస్ట్' అనే ప్రోగ్రామ్‌ను నడిపించారనీ, గణితాన్ని తర్కం పునాదిపై కట్టడానికి వైట్‌హెడ్, రసెల్ రాసిన 'ప్రిన్సిపియా మ్యాథమాటికా' గ్రంథం రెండో అధ్యాయంలోని మొదటి 52 సిద్ధాంతాలలో అది 38ని నిరూపించిందనీ రాస్తారు. అంతవరకు బాగానే ఉంది.

అయితే ఆ తరువాత రెండేళ్లకే, అంటే 1958 వేసవిలో, హావో వాంగ్ అనే తర్కశాస్త్రవేత్త ఐబీఎం 704 యంత్రంపై రాసిన ప్రోగ్రామ్ అదే గ్రంథంలోని మొదటి ఐదు అధ్యాయాల ప్రవచన తర్క (వాక్యాలను 'కాదు', 'లేదా', 'అయితే' వంటి మాటలతో కలిపే తర్కం) సిద్ధాంతాలను, 200కు పైగా ఉన్నవాటిని, ఒక్కటి కూడా వదలకుండా నిరూపించింది. దానికి మొత్తం 37 నిమిషాలు పట్టగా, అందులో ఎక్కువ భాగం చదవడానికీ ముద్రించడానికీ పోయిందట; అసలు నిరూపణలకు పట్టింది మూడు నిమిషాల లోపే. మరి 38 దగ్గర ఆగిపోయిన ప్రోగ్రామ్‌ను పునాది అనీ, అన్నిటినీ నిరూపించినదాన్ని పాదసూచిక అనీ ఎలా అంటాం? ఇది కేవలం పేరుప్రతిష్ఠల వ్యవహారమా, లేక నేను గమనించని సంగతి ఏదైనా ఉందా?

జవాబు 1: తర్కశాస్త్ర అధ్యాపకుడు

మీ ప్రశ్న సమంజసమైనదే. వాంగ్ కూడా ఈ మాటను చాలా ఘాటుగానే అన్నారు. కోడిని కోయడానికి కసాయికత్తి అక్కరలేదని, పైగా న్యూవెల్ బృందం వారు ఆ కత్తి పట్టుకొని కూడా కోడిని కోయలేకపోయారన్న అభిప్రాయమే చివరికి మిగులుతుందని ఆయన ఎత్తిపొడుపు. తర్కశాస్త్రం చదువుకున్నవాడిగా నా మొగ్గు మొదట్లో వాంగ్ వైపే ఉండేది.

అయితే రెండు ప్రోగ్రామ్‌లూ చేసిన పని ఒకటి కాదు. ఉదాహరణకు గ్రంథంలోని 2.01వ సిద్ధాంతాన్ని తీసుకోండి. పి అంటే ఏదో ఒక వాక్యం అనుకోండి; 'పి అయితే పి కాదు' అన్నది నిజమైతే 'పి కాదు' నిజమవుతుందని అది చెబుతుంది. లాజిక్ థియరిస్ట్ దీన్ని చివరి నుంచి వెనక్కి చూస్తుంది. తన దగ్గర ఉన్న స్వీకృతాలలో (నిరూపణ లేకుండానే నిజమని తీసుకున్న వాక్యాలలో) ఆకారంలో దీనికి దగ్గరగా ఉన్నది ఏదని వెతికితే, 'పి లేదా పి, అయితే పి' అన్నది దొరుకుతుంది. అందులో పి ఉన్న ప్రతిచోటా 'పి కాదు' అని పెడితే, 'పి కాదు లేదా పి కాదు, అయితే పి కాదు' అని వస్తుంది. 'ఎ అయితే బి' అన్నా 'ఎ కాదు లేదా బి' అన్నా ఒకటే అన్న నిర్వచనం ప్రకారం దాని మొదటి భాగాన్ని 'పి అయితే పి కాదు' అని తిరగరాయవచ్చు. అంతటితో నిరూపణ పూర్తయింది. ఇక్కడ జరిగింది రెండు వాక్యాల పోలికను చూసి, ఈ దారిన వెళితే ఫలితం ఉండవచ్చునని అనుకోవడం. ఫలితం తప్పక ఉంటుందన్న హామీ ఏమీ లేదు. ఇటువంటి హామీ లేని చిట్కాకే వాళ్లు 'హ్యూరిస్టిక్' అనే పేరు వాడారు. న్యూవెల్ స్టాన్‌ఫర్డ్‌లో చదువుకునే రోజుల్లో గణితవేత్త జార్జ్ పోల్యా దగ్గర పాఠాలు విన్నారు, ఆ పదం ఆయనకు పరిచయమైంది అక్కడే.

వాంగ్ పద్ధతి అలాంటిది కాదు. ఇచ్చిన వాక్యంలోని 'లేదా', 'అయితే' వంటి సంయోజకాలను ఒక్కొక్కటిగా విడగొట్టుకుంటూ పోతే, అవి అయిపోయిన చోట నిజమో కాదో తప్పక తేలుతుంది. ప్రవచన తర్కానికి అటువంటి నిర్ణయ పద్ధతి ఉంది కనుక అక్కడ వెతుకులాట అవసరమే లేదు. 'ప్రతి', 'కొన్ని' అనే మాటలు వచ్చి చేరిన విధేయ తర్కంలో మాత్రం అన్నిటికీ పనికివచ్చే నిర్ణయ పద్ధతి ఉండదని తర్కశాస్త్రవేత్తలు అలోంజో చర్చ్, అలన్ ట్యూరింగ్ 1936లోనే వేర్వేరుగా నిరూపించారు. అక్కడ ఎంతటివాడైనా ఏదో ఒక రూపంలో వెతకవలసిందే, ఎటువైపు వెతకాలో ఎంచుకోవలసిందే. కనుక న్యూవెల్, సైమన్‌లు సులువైన నేలపై కష్టమైన ప్రశ్న వేశారని నేను ఇప్పుడు అనుకుంటున్నాను. నేల సులువైనది కావడం వల్లనే వాంగ్ చేతిలో దెబ్బతిన్నారు.

ఇంకొక చిన్న సంగతి. 2.85వ సిద్ధాంతానికి ఈ ప్రోగ్రామ్ గ్రంథంలో ఉన్నదానికంటే పొట్టి నిరూపణను కనుగొంది. ప్రోగ్రామ్‌ను కూడా రచయితల జాబితాలో చేర్చి ఆ వ్యాసాన్ని 'జర్నల్ ఆఫ్ సింబాలిక్ లాజిక్'కు పంపితే, వారు తిప్పి పంపించారు. సెమినార్‌లో ఈ ముక్క చెబితే శ్రోతలు నవ్వుతారు, అయితే మీ ప్రశ్నకు ఇది జవాబు కాదు.

జవాబు 2: పాత ప్రోగ్రామర్

అధ్యాపకుల వారు చెప్పినదానితో ఏకీభవిస్తూనే, ఆ బృందం 1957 నుంచి చేపట్టిన తరువాతి ప్రోగ్రామ్ గురించి కొంత అసమ్మతి చెప్పదలచుకున్నాను. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు 'జనరల్ ప్రాబ్లమ్ సాల్వర్', అంటే ఏ సమస్యనైనా పరిష్కరించేది అని. దాని కీలకం సాధన-సాధ్య విశ్లేషణ. ఉన్న స్థితికీ కావలసిన స్థితికీ మధ్య తేడా ఏమిటో చూడాలి. ఆ తేడాను తగ్గించే చర్య ఏదో పట్టికలో వెతకాలి. ఆ చర్యకు కావలసిన పరిస్థితి లేకపోతే దాన్ని కల్పించడమే కొత్త సమస్యగా పెట్టుకోవాలి. ఊరికి వెళ్లాలంటే బస్సు కావాలి, బస్సు కావాలంటే స్టాండుకు చేరాలి, అన్న తీరు ఆలోచన ఇది.

చదువుకునే రోజుల్లో నేను ఈ పద్ధతిని లిస్ప్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసి, మనందరికీ తెలిసిన పులి, మేక, గడ్డిమోపు లెక్కను దానికి ఇచ్చాను. ఈ ఒడ్డున ఇంకా ఎన్ని మిగిలి ఉన్నాయన్నదే తేడాగా పెట్టాను. మేకను దాటించడం, ఖాళీ పడవతో తిరిగి రావడం, పులిని దాటించడం వరకు ప్రోగ్రామ్ చకచకా నడిచింది. ఆ తరువాత చిక్కుకుపోయింది. మనిషి ఒంటరిగా వెనక్కి వస్తే అవతల పులి మేకను తినేస్తుంది. మేకను వెనక్కి తెస్తే ఈ ఒడ్డున మిగిలినవి పెరుగుతాయి, అంటే గమ్యానికి దూరం జరిగినట్టు లెక్క. పులిని వెనక్కి తెచ్చినా అంతే నష్టం. రెండు నష్టాలూ దానికి సమానంగానే కనిపించాయి కనుక, నేను ముందు రాసిన చర్యనే, అంటే పులిని వెనక్కి తేవడాన్నే, ఎంచుకొని, మళ్లీ దాన్నే దాటించి, మెమరీ అయిపోయేదాకా ఆ పులిని అటూ ఇటూ తిప్పుతూనే ఉంది. చూసిన స్థితులను గుర్తుపెట్టుకోమని నేను చెప్పకపోవడం నా తప్పే, కాదనను. అయితే అప్పుడు నేను చేసిన మరమ్మతు అది కాదు. మేక, పులి ఒకే ఒడ్డున ఉండటాన్ని కూడా ఒక తేడాగా పట్టికలో చేర్చాను, లెక్క వెంటనే తేలింది. కాసేపు సంతోషపడ్డాక అర్థమైంది, లెక్క చేసింది నేనని.

'జనరల్' అన్న పేరుపై నా అభ్యంతరం సరిగ్గా ఇక్కడే ఉంది. వెతికే యంత్రాంగం ఏ సమస్యకైనా ఒకటే కావచ్చు, కానీ తేడాల పట్టికను ప్రతి సమస్యకూ ఎవరో ఒక మనిషి కూర్చొని రాయాలి; తెలివి చాలా వరకు ఆ పట్టికలోనే ఉంటుంది. 1965లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్ తదితరులు రసాయన అణువుల నిర్మాణాన్ని ఊహించే 'డెండ్రల్'ను మొదలుపెట్టినప్పుడు, బలం రంగానికి సంబంధించిన జ్ఞానంలోనే ఉందన్న అభిప్రాయానికి వచ్చింది ఇందుకే. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి గారు 1969లో కార్నెగీ మెలన్‌లో చేరి నిర్మించిన 'హియర్‌సే' వ్యవస్థలు కూడా మాటను గుర్తించడానికి రకరకాల జ్ఞాన విభాగాలను కలిపి పనిచేయించాయి. 1994లో కంప్యూటర్ శాస్త్రంలో ఇచ్చే ట్యూరింగ్ పురస్కారాన్ని ఫైగెన్‌బామ్, రాజ్ రెడ్డి ఇద్దరికీ కలిపి ఇచ్చారు. అలాగని సాధన-సాధ్య విశ్లేషణ చచ్చిపోలేదు. స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో షేకీ అనే రోబోకు పథకాలు వేయడానికి 1971లో వచ్చిన 'స్ట్రిప్స్'లో ఉన్నది అదే.

ప్రశ్న అడిగినవారి స్పందన

ఇద్దరికీ కృతజ్ఞతలు. మేకను వెనక్కి తేవడం అన్న మెలికను తప్పకుండా వాడుకుంటాను, అనుమతి ఇచ్చినట్టే భావిస్తున్నాను. అయితే ఇంకొక సందేహం మిగిలింది. తమ ప్రోగ్రామ్ మనిషి ఆలోచించే తీరును అనుకరిస్తుందని న్యూవెల్, సైమన్‌లు అన్నారు కదా. జవాబు ఒకటే వచ్చినంత మాత్రాన దారి కూడా ఒకటేనని ఎలా చెప్పగలిగారు?

జవాబు 3: మనస్తత్వ శాస్త్రంలో పనిచేస్తున్నవారు

వాళ్లు జవాబులను పోల్చలేదు, నడకను పోల్చారు. నా దృష్టిలో ఆ పరిశోధనలో అన్నిటికంటే విలువైన భాగం ఇదే కాగా, కంప్యూటర్ వైపు నుంచి వచ్చినవారు దీన్ని ఒక్క వాక్యంలో దాటేస్తారు.

తర్కం ఎన్నడూ చదవని ఒక కళాశాల విద్యార్థిని కూర్చోబెట్టి, సంకేతాలతో ఉన్న ఒక వాక్యాన్నీ, దాన్ని మార్చడానికి అనుమతించిన 12 సూత్రాలనూ ఇచ్చి, మరొక వాక్యంగా మార్చమన్నారు. షరతు ఒక్కటే: మనసులో అనుకుంటున్నదంతా పైకి చెబుతూ ఉండాలి. అతను చెప్పిన ప్రతి మాటనూ రాసుకొని, అదే లెక్కను జనరల్ ప్రాబ్లమ్ సాల్వర్ ప్రోగ్రామ్‌కు ఇచ్చినప్పుడు అది వేసిన అడుగుల పక్కన పేర్చారు. ఆ పోలికను 1961లో ప్రచురించారు.

చాలా చోట్ల రెండూ కలిసి నడిచాయి. గమ్యంలోని వాక్యంతో పోల్చి చూడటం, తేడాను పట్టుకోవడం, దానికి తగిన సూత్రాన్ని ఎంచుకోవడం ఇద్దరి విషయంలోనూ కనిపించాయి. కలవని చోట్లను వాళ్లు దాచలేదు. ఒకే సూత్రానికి రెండు రూపాలు ఉన్న చోట విద్యార్థి రెండింటినీ ఒక్క ఊపులో పరిశీలించాడు, ప్రోగ్రామ్ మాత్రం ఒకదాని తరువాత ఒకటిగా పరిశీలించింది. దీన్ని ప్రోగ్రామ్‌లో సరిచేయడం పెద్ద పనేమీ కాదు. రెండో తేడా అంత తేలికైనది కాదు. విద్యార్థి కొంత దూరం వెళ్లాక ఆగి, ఆరో సూత్రాన్ని ఎడమభాగానికి మాత్రమే వాడి ఉండవలసిందని అన్నాడు. ఆరో సూత్రమంటే మరేదో కాదు, అధ్యాపకుల వారు పైన చూపించిన 'అయితే', 'లేదా'ల మార్పిడే. జరిగిపోయిన పనిని తిరిగి చూసుకొని, ఎక్కడ పొరపాటు పడ్డామో గుర్తించి, ఆ అడుగు వరకే వెనక్కి వెళ్లే ఏర్పాటు అప్పటి ప్రోగ్రామ్‌లో లేదు.

మీ సెమినార్‌లో సమయం తక్కువగా ఉంటే, 38, 52, 200 అనే అంకెలను ఒక్క స్లయిడ్‌లో ముగించి, ఈ రెండు నడకలనూ పక్కపక్కన చూపించండి. విద్యార్థి ఆ మాట అన్న వరుసకు ఎదురుగా ప్రోగ్రామ్ గడిని ఖాళీగానే ఉంచండి.