కల్లంలో మిరప ఉండగా వాతావరణ యాప్‌ను ఎంతవరకు నమ్మవచ్చు?

ప్రశ్న: పల్నాడు మిరప రైతు

మాది పల్నాడు జిల్లాలో నరసరావుపేటకు దగ్గరలో ఉన్న ఊరు. కోసిన మిరపకాయలు కల్లంలో ఆరే రోజుల్లో, అంటే సుమారుగా ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా, మా ఇంట్లో అందరమూ ఫోన్‌లోని వాతావరణ యాప్‌నే చూస్తూ ఉంటాము. దానివల్ల మాకు కలుగుతున్న మేలు కంటే గందరగోళమే ఎక్కువగా ఉందని అనిపించి, విషయం తెలిసినవారిని అడుగుదామని ఇది రాస్తున్నాను.

రేపు మధ్యాహ్నం రెండు గంటలకు 60 శాతం వర్షం అని యాప్ చూపిస్తే, కూలీలను పిలిపించి కాయలను రాశులు పోయించి పట్టాలు కప్పిస్తాము. ఆ రోజు చినుకు కూడా పడదు. మరొక రోజు యాప్‌లో ఎండ బొమ్మ కనిపిస్తూ ఉండగానే సాయంత్రానికి ఈదురుగాలి లేచి, సర్దుకునే వ్యవధి ఇవ్వకుండా వాన కురుస్తుంది. ఈ రెండింటిలో ఏది జరిగినా నష్టపోయేది మేమే. సగం ఆరిన కాయను మండుటెండలో పట్టా కింద ఉంచితే చెమర్చి రంగు పోతుంది, తాలు కాయ పెరుగుతుంది. తడిసిన కాయకు బూజు పడుతుంది, యార్డుకు తీసుకువెళ్ళినప్పుడు దాని ధర ఎంత పడిపోతుందో ఈ ప్రాంతం వారికి వేరే చెప్పనవసరం లేదు.

ఒకే ఊరికి రెండు యాప్‌లు రెండు విధాలుగా చెబుతాయి. పొద్దున్న చూసిన సూచన మధ్యాహ్నానికి మారిపోతుంది. ఇంత కచ్చితంగా గంటను, శాతాన్ని, ఊరి పేరుతో సహా చెప్పగలిగేంత సమాచారం నిజంగా వారి దగ్గర ఉన్నదా? లేకపోతే అలా చూపించడం న్యాయమేనా? మాలాంటి వారు వీటికి బదులుగా దేనిని చూడాలి?

జవాబు 1: వాతావరణ శాస్త్ర విద్యార్థి

మీ ప్రశ్నకు సూటిగా సమాధానం చెప్పాలంటే, మీ ఊరికి రేపు ఏ గంటకు ఉరుముల వాన పడుతుందో ఈ రోజే చెప్పగలిగే సమాచారం ఏ యాప్ దగ్గరా లేదు. అది ఎందుకు లేదో తెలిస్తే దేనిని ఎంతవరకు నమ్మాలో మీరే నిర్ణయించుకోగలుగుతారు కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

ఫోన్ యాప్‌లలో చాలావాటికి సొంతంగా వాతావరణాన్ని కొలిచే ఏర్పాటు ఉండదు. ప్రపంచం మొత్తానికి కంప్యూటర్లలో లెక్కలు వేసే కొన్ని పెద్ద కేంద్రాల నుంచి అంకెలు తెచ్చుకుని, వాటికి బొమ్మలు జోడించి చూపిస్తాయి. ఇలా వాతావరణాన్ని లెక్కగట్టే కంప్యూటర్ విధానాన్నే నమూనా అంటారు. అమెరికా ప్రభుత్వ సంస్థ నడిపే జీఎఫ్ఎస్ అనే నమూనా, ఐరోపా దేశాలు కలిసి నడుపుకునే కేంద్రం నమూనా వీటిలో ముఖ్యమైనవి. ఈ నమూనాలు భూమిని గళ్ళుగా విభజించి ఒక్కొక్క గడికి ఒక్కొక్క విలువను లెక్కిస్తాయి. ఐరోపా నమూనాలో గడి సుమారు 9 కిలోమీటర్లు, జీఎఫ్ఎస్‌లో సుమారు 13 కిలోమీటర్లు ఉంటుంది. యాప్‌లో మీ ఊరి పేరు కనిపించినంత మాత్రాన ఆ లెక్క మీ ఊరిది కాదు. మీ ఊరిని, చుట్టుపక్కల మరికొన్ని ఊళ్ళను కలిపిన గడిది. మీరు చూసే ప్రస్తుత ఉష్ణోగ్రత కూడా చాలాసార్లు థర్మామీటరు చూసి చెప్పినది కాదు, ఆ గడికి లెక్కగట్టినదే.

ఇప్పుడు మీ కల్లం మీద పడే వాన సంగతి చూద్దాం. మార్చి, ఏప్రిల్ నెలల్లో మన ప్రాంతంలో వాన తెచ్చేవి ఎక్కువగా క్యుములోనింబస్ మేఘాలు. ఎండకు నేల వేడెక్కి, బంగాళాఖాతం నుంచి వచ్చిన తేమ గాలి పైకి లేచి, ఎక్కడైనా ద్రోణి వంటిది తోడైతే ఇవి పుడతాయి. ఒక్కొక్క మేఘం కొద్ది కిలోమీటర్ల మేర మాత్రమే ఉండి, అరగంట నుంచి గంటలోపే పెరిగి, కురిసి, కరిగిపోతుంది. ఇంత చిన్న మేఘాన్ని 9 కిలోమీటర్ల గడి పట్టుకోలేదు. అందువల్ల నమూనా దానిని విడిగా చూడకుండా, ఈ గడిలో ఇలాంటి మేఘాలు పుట్టే అనుకూలత ఎంత ఉంది, వాటివల్ల సగటున ఎంత వాన పడవచ్చు అని ఒక అంచనా వేస్తుంది. ఈ పద్ధతిలో చాలాకాలంగా తెలిసిన ఒక లోపం ఉంది. ఉష్ణమండల ప్రాంతాల్లో నేలమీద ఉరుముల వానలు నిజానికి సాయంత్రం, రాత్రి వేళల్లో ఎక్కువగా కురుస్తుండగా, ఇలాంటి నమూనాలు వాటిని మధ్యాహ్నానికే తెచ్చిపెడతాయి. మధ్యాహ్నం రెండు గంటలకు వాన అని మీ యాప్ చూపించడానికి, సాయంత్రం కురవడానికి మధ్య తేడాలో దీని పాత్ర కొంత ఉండే అవకాశం చాలా ఉంది.

పొద్దున్నకు, మధ్యాహ్నానికి సూచన మారడానికి కారణం వేరు. ఈ నమూనాలను రోజుకు నాలుగుసార్లు, మన సమయం ప్రకారం ఉదయం 5:30, 11:30, సాయంత్రం 5:30, రాత్రి 11:30 గంటల పరిశీలనలతో మొదలుపెట్టి నడుపుతారు. ఫలితం బయటకు రావడానికి ఆ తరువాత కొన్ని గంటలు పడుతుంది. కొత్త లెక్క రాగానే యాప్ పాతదానిని తీసివేసి దీనిని పెడుతుంది, కానీ మారిందని చెప్పదు. రెండు యాప్‌లు వేరువేరు నమూనాలను వాడుతుంటే వాటి సూచనలు వేరుగా ఉండటం సహజమే.

అయినా ఈ శాస్త్రం మొత్తం పనికిరానిదని అనుకోవద్దు. తుపాను వందల కిలోమీటర్ల వ్యవస్థ కాబట్టి ఇవే నమూనాలు దానిని రోజుల ముందే పట్టుకుంటాయి. 2014 అక్టోబర్ 12న విశాఖపట్నం దగ్గర తీరం దాటిన హుద్‌హుద్‌కు, 2023 డిసెంబర్ 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచాంగ్‌కు ముందస్తు హెచ్చరికలు అందడం మీకు గుర్తుండే ఉంటుంది. అంత పెద్ద వ్యవస్థ విషయంలో చెల్లే నమ్మకాన్ని నాలుగు కిలోమీటర్ల మేఘానికి కూడా అదే బొమ్మతో, అదే ధీమాతో చూపించడమే యాప్‌లు చేస్తున్న అన్యాయమని నేను భావిస్తున్నాను.

మీరు దేనిని చూడాలో కూడా చెబుతాను. నాలుగైదు రోజుల ముందు ప్రణాళికకు భారత వాతావరణ శాఖ జిల్లా సూచన చాలు. అందులో గంటలు ఉండవు, ఉండకపోవడమే నిజాయితీ. వాన రాగల రోజు వచ్చాక ఆ శాఖ ఇచ్చే మూడు గంటల హెచ్చరికలను, అంతకంటే ముఖ్యంగా మచిలీపట్నం డాప్లర్ రాడార్ చిత్రాన్ని చూడండి. రాడార్ చూపించేది అంచనా కాదు, ఆ క్షణంలో ఆకాశంలో ఉన్న వాన. నరసరావుపేట అక్కడికి తిన్నగా కొలిస్తే సుమారు 115 కిలోమీటర్ల దూరంలోనే ఉంది కాబట్టి మీ చుట్టూ ఎదిగే మేఘాలు అందులో బాగానే కనిపిస్తాయి. ఒక్క చిత్రంతో సరిపెట్టుకోకుండా వరుసగా మూడు నాలుగు చూసి, మేఘం ఎటు కదులుతున్నదో, పెరుగుతున్నదో తరుగుతున్నదో గమనించండి. పట్టా కప్పడానికి కావలసిన అరగంట, ముప్పావుగంట వ్యవధి చాలా సందర్భాల్లో దొరుకుతుంది.

జవాబు 2: ఖమ్మం నుంచి మరో రైతు

పై జవాబు ఎంతో ఉపయోగంగా ఉంది. అయితే ప్రభుత్వ సూచనల విషయంలో నాకు కొంత అసంతృప్తి ఉంది. ఉరుములతో కూడిన వర్షం ఒకటి రెండు చోట్ల పడవచ్చు అని బులెటిన్‌లో రాస్తారు. ఆ శాఖ లెక్క ప్రకారం, ఆ ప్రాంతంలోని వర్షమాపక కేంద్రాల్లో 25 శాతానికి మించకుండా వాన నమోదవుతుందని దాని అర్థం. శాస్త్రం ప్రకారం సరైన మాటే కావచ్చు, కానీ పట్టా చేతిలో పట్టుకుని నిలబడిన రైతు ఆ మాటతో ఏ నిర్ణయమూ తీసుకోలేడు. మరొక సంగతి కూడా చాలామందికి తెలియదు. ఆ శాఖ వాన లెక్కలో రోజు అంటే ఈ ఉదయం 8:30 నుంచి మరునాటి ఉదయం 8:30 వరకు. ఫోన్ యాప్‌లో రోజు అర్ధరాత్రి మారుతుంది. కాబట్టి ఒకే వానను రెండూ రెండు తేదీల్లో చూపించవచ్చు. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసేవారు ఈ తేడాను గుర్తుంచుకోవాలి.

నేను మేఘదూత్ యాప్ వాడుతున్నాను. అది తెలుగులో ఉంటుంది, జిల్లాకు సంబంధించిన సాగు సలహాలు మంగళ, శుక్రవారాల్లో వస్తాయి. మందు పిచికారీ, కోత వంటి పనులు ఏ రోజుల్లో పెట్టుకోవాలో నిర్ణయించుకోవడానికి అది బాగా పనికివస్తుంది. పొలంలో మనుషులు ఉన్నప్పుడు మాత్రం దామిని యాప్ తప్పనిసరిగా ఫోన్‌లో ఉండాలని నేను గట్టిగా చెబుతాను. పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ రూపొందించిన ఈ యాప్, సెన్సర్లు పట్టుకున్న పిడుగుల ఆధారంగా మనకు 20, 40 కిలోమీటర్ల పరిధుల్లో హెచ్చరిస్తుంది. పంట పోతే మళ్ళీ పండించుకోవచ్చు, మనిషి పోతే ఆ ఇంటికి దిక్కెవరు?

తెలంగాణలో ఉన్నవారికి ఇంకొక సౌకర్యం ఉంది. రాష్ట్ర ప్రణాళిక సంస్థ నడిపే ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలు వెయ్యికి పైగా ఉన్నాయి, వాటిలో నమోదైన వాన మండలాలవారీగా చూసుకోవచ్చు. పక్క మండలంలో ఎంత కురిసిందో తెలిస్తే మన వైపు వస్తున్నది జల్లో, కుండపోతో అంచనాకు వస్తుంది.

జవాబు 3: డాలస్‌లో ఉంటున్న తెలుగువాడు

మా అమ్మానాన్నలు ఖమ్మం జిల్లాలో ఉంటారు. వారి ఫోన్‌లోనూ నా ఫోన్‌లోనూ ఒకే యాప్ ఉన్నా, అది రెండు చోట్లా ఒకేలా పనిచేయదు. అమెరికాలో సుమారు 160 డాప్లర్ రాడార్ల వ్యవస్థ ఉంది. దానికి తోడు గంటగంటకూ కొత్తగా లెక్కించే, 3 కిలోమీటర్ల గడులున్న నమూనా కూడా ఇక్కడి ప్రభుత్వ సంస్థ నడుపుతుంది. నిమిషాల వారీగా వాన చెప్పే సదుపాయం కొన్ని యాప్‌లలో ఉంటుంది గాని, అది రాడార్ సమాచారం ఆ యాప్‌కు అందే దేశాలకే పరిమితం. అదే యాప్‌ను మన ఊళ్ళో తెరిస్తే వెనుక ఉన్నది ఎక్కువగా ప్రపంచ నమూనా లెక్క మాత్రమే. బొమ్మలు, రంగులు, అక్షరాలు అన్నీ ఒకటే కావడంతో, రెండు చోట్లా సమాచారం ఒకే నాణ్యతతో ఉన్నదని చూసేవారు నమ్ముతారు. ఈ తేడాను యాప్ తయారు చేసేవారు తెరమీద చెప్పి తీరాలి.

ఇన్ని ఏర్పాట్లు ఉన్న ఇక్కడ కూడా వసంతకాలంలో రేపు వడగళ్ళు ఏ పేటలో పడతాయో ఎవరూ చెప్పరు. ఓక్లహోమాలోని నార్మన్‌లో ఉన్న తీవ్రమైన ఉరుముల వానల సూచన కేంద్రం ఒక విశాలమైన ప్రాంతాన్ని గీసి, అక్కడ ముప్పు ఏ స్థాయిలో ఉందో మాత్రమే ముందురోజు ప్రకటిస్తుంది.

మన దేశంలో కూడా పరిస్థితి మారుతోంది. రాడార్లు, పరిశీలన కేంద్రాలు పెంచడానికి 2024 సెప్టెంబర్‌లో కేంద్ర మంత్రివర్గం 2,000 కోట్ల రూపాయలతో మిషన్ మౌసమ్‌ను ఆమోదించింది. 2025 మే నెలలో 6 కిలోమీటర్ల గడులతో భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ అనే మన దేశపు నమూనా వచ్చింది. అంతకుముందు ఆ గడి 12 కిలోమీటర్లు. గ్రామ పంచాయతీ స్థాయి సూచనలు 2024 అక్టోబర్‌లో మొదలయ్యాయి. పంచాయతీ పేరు పెట్టినంత మాత్రాన ఉరుముల వాన విషయంలో కచ్చితత్వం పంచాయతీ స్థాయికి చేరదని మాత్రం మొదటి జవాబు చదివినవారు గ్రహిస్తారు.

ప్రశ్నించిన రైతు

అందరికీ ధన్యవాదాలు. మా ఊరి సమాచారం కాదని తెలిసిన తరువాత ఆ యాప్ మీద కోపం తగ్గకపోగా పెరిగింది, ఎందుకంటే ఈ ఒక్క మాట వారు తెరమీద రాసి ఉంటే మేము ఎన్నో కూలి డబ్బులు మిగుల్చుకునేవాళ్ళము. ఒక్క సందేహం మిగిలింది. శాతం అంటే ఏమిటి? ఎంత శాతం ఉంటే పట్టాలు కప్పాలి?

జవాబు 1 రాసినవారు

నమూనాను ఒక్కసారి కాకుండా ఆరంభ పరిస్థితులను కొద్దికొద్దిగా మార్చి అనేకసార్లు నడుపుతారు. ఐరోపా కేంద్రం 51 సార్లు నడుపుతుంది. వాటిలో సుమారు 20 లెక్కల్లో మీ గడిలో వాన వస్తే దానిని 40 శాతం అని చూపించవచ్చు. వానగా లెక్కించడానికి పెట్టుకునే కనీస మొత్తం కూడా చాలా తక్కువగా ఉంటుంది. ఉదాహరణకు, అమెరికా వాతావరణ శాఖ శాతాన్ని చెప్పేటప్పుడు అంగుళంలో నూరో వంతు పడినా వానే, అంటే మిల్లీమీటరులో పావు వంతు. మన వాతావరణ శాఖ ఒక రోజును వర్షం పడిన రోజుగా లెక్కించడానికి 2.5 మిల్లీమీటర్లు పడాలి. కాబట్టి 60 శాతం అన్నది పెద్ద వాన వస్తుందన్న మాట కాదు.

ఎంత శాతానికి కప్పాలన్నది మీ ఖర్చును, నష్టాన్ని బట్టి ఉంటుంది. ఒకసారి కప్పి తీయడానికి కూలితో, రంగు నష్టంతో కలిపి 3,000 రూపాయలు అవుతుందని, కప్పకపోతే తడిసి పోయేది 30,000 రూపాయలని అనుకుందాం. అప్పుడు వాన అవకాశం 10 శాతం దాటితే కప్పడమే లాభం, అంతకంటే తక్కువైతే వదిలేయడం లాభం. కాయ బాగా ఆరి అమ్మకానికి సిద్ధంగా ఉంటే, పట్టా కింద ఉంచినా చెడేది తక్కువ కాబట్టి చిన్న అనుమానానికే కప్పవచ్చు. పచ్చిదనం ఉన్న కాయను కప్పితే నష్టం ఎక్కువ గనుక రాడార్‌లో మేఘం కనిపించే దాకా ఆగవచ్చు.

ఈ లెక్క చెల్లాలంటే యాప్ చెప్పే శాతం నిజానికి దగ్గరగా ఉండాలి. దానిని మీరే పరీక్షించవచ్చు. కల్లం నడిచినన్నాళ్ళూ ప్రతి రాత్రీ మరునాటి శాతాన్ని, మరునాడు వాన పడిందా లేదా అన్నదానిని ఒక పుస్తకంలో రాసుకోండి. 40 శాతం అని చెప్పిన రోజులను విడదీసి చూస్తే, పదింటిలో సుమారు నాలుగు రోజులు వాన పడి ఉండాలి. ఒకటో రెండో మాత్రమే పడి ఉంటే ఆ యాప్ మీ గడికి ఎక్కువ చేసి చెబుతున్నదని తెలుస్తుంది, వచ్చే ఏడాది దాని అంకెను ఆ మేరకు తగ్గించి చూసుకోవచ్చు. ఆ పుస్తకంలో వాన మొదలైన గంటను కూడా రాయండి, ఎందుకంటే నమూనాలు వానను మధ్యాహ్నానికి జరుపుతున్న తేడా మీ ఊరికి ఎంతో అందులోనే తేలుతుంది.