చిన్న గ్రూపుకి కొంచెం ఘాటైన కొత్త మ్యూజికల్ (పాటలతో సాగే నాటకం) ఏది బెటర్?

ప్రశ్న: మాది చిన్న కమ్యూనిటీ థియేటర్ అండీ, స్టేజీ ఇరుకు, గట్టిగా పాడగలిగేవాళ్ళు ఏడెనిమిది మందే. ఎప్పుడూ ఫ్యామిలీ షోలే వేస్తున్నాం, ఈసారి ధైర్యం చేసి టీనేజీ పిల్లల లైంగికత, ఆత్మహత్యల మీద వచ్చిన స్ప్రింగ్ అవేకెనింగ్ వేద్దామని నాకు చాలా ఉంది, కమిటీ ఏమంటుందో అని భయం. ఏం చేయమంటారు?

జవాబు 1: నెక్స్ట్ టు నార్మల్ చూడండి. ఆరుగురు నటులు చాలు, 2010లో డ్రామాకి అమెరికాలో ఇచ్చే పులిట్జర్ బహుమతి వచ్చింది. బైపోలార్ అనే మానసిక జబ్బు ఉన్న తల్లి కథ. శాండ్‌విచ్‌లు చేస్తూ చేస్తూ నేలంతా బ్రెడ్ పరిచేస్తుంది, ఇంట్లోవాళ్ళు ఏం చేయాలో తెలీక చూస్తుంటారు, దానికి పెద్ద సెట్ ఏం కావాలి చెప్పండి, హాలంతా గప్‌చుప్ అయిపోతుంది. కాకపోతే ఆ తల్లి పాత్ర మోసే మనిషి మీలో ఉందో లేదో తేల్చుకున్నాకే రైట్స్ (ప్రదర్శన హక్కులు) జోలికి వెళ్ళండి.

జవాబు 2: స్ప్రింగ్ అవేకెనింగ్‌లో పెద్దవాళ్ళ పాత్రలన్నీ ఇద్దరే వేస్తారు గానీ కుర్రకారు పదకొండు మంది, మీ దగ్గరున్నవాళ్ళు సరిపోరు. ఇంకోటి, కమిటీ కోసం బూతులు, సీన్లు మీ అంతట మీరు తీసేయకూడదు, లైసెన్స్ ఇచ్చేవాళ్ళ పర్మిషన్ రాతలో ఉండాలి. అందుకే స్క్రిప్ట్ మొత్తం కమిటీ ముందు చదివించండి, పోస్టర్ మీద కూడా ఆత్మహత్య లాంటి విషయాలున్నాయని స్పష్టంగా రాయండి.

జవాబు 3: ఇద్దరితోనే అయిపోయేది కావాలంటే ద లాస్ట్ ఫైవ్ ఇయర్స్. ఓ జంట కథ, ఆమెది చివరి నుంచి వెనక్కి, అతనిది మొదటి నుంచి ముందుకి నడుస్తుంది, మధ్యలో పెళ్ళి దగ్గర మాత్రమే కలుస్తారు. కానీ మిగతా ఐదారుగురు ఖాళీగా కూర్చోవాలి, నా ఓటు మొదటిదానికే.