ప్లాటర్‌లో ఏ1 డ్రాయింగు స్కేలు తగ్గి వస్తోంది

ప్రశ్న: ఆటోక్యాడ్ (డ్రాయింగులు గీసే సాఫ్ట్‌వేర్) నుంచి నెట్‌వర్కులోని ప్లాటర్‌కు (పెద్ద కాగితాలపై డ్రాయింగులు ముద్రించే యంత్రానికి) ఏ1 సైజు డ్రాయింగు పంపితే, 1:100 స్కేలులో 50 మిల్లీమీటర్లు రావలసిన 5 మీటర్ల గోడ, కాగితంపై కొలిచినప్పుడు 48 మాత్రమే ఉంటోంది. సైటులో మేస్త్రీలు కాగితాన్నే కొలుస్తారు కనుక ఆందోళనగా ఉంది. కారణం ఏమై ఉంటుంది?

జవాబు: ప్లాట్ విండోలో ‘ఫిట్ టు పేపర్’ దగ్గర టిక్కు ఉందేమో చూడండి. అది ఉంటే, ప్లాటర్ అంచుల్లో వదిలే ఖాళీ పోగా మిగిలిన చోటులో పట్టేలా డ్రాయింగు కుదించుకుపోతుంది. వ్యూపోర్టును (లేఅవుట్ అనే కాగితపు పుటలో డ్రాయింగు కనిపించే చట్రాన్ని) 1:100గా, లేఅవుట్ ప్లాట్ స్కేలును 1:1గా పెట్టండి.

మరో జవాబు: అప్పుడు 594 × 841 మిల్లీమీటర్ల ఏ1 కాగితంపై బార్డరు గీత తెగవచ్చు. మీ రోల్ 24 అంగుళాలదైతే, డ్రైవరులో (ప్లాటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్‌లో) ఉంటే ఓవర్‌సైజ్ ఏ1 (ఏ1 కంటే కాస్త పెద్ద సైజు) ఎంచుకుని, మిగిలిన అంచును కత్తిరించండి.

అడిగినవారు: టిక్కు తీసేశాక గోడ సరిగ్గా 50 వచ్చింది. ఇద్దరికీ ధన్యవాదాలు.